ఇరవై అట్టముక్కలు

“తోడేలా? ఎక్కడ?” అన్నాడు లెయార్కో, తలుపు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకుని. నా నోటినుంచి ఏం జారిందో అప్పటికి గానీ నాకు తెలియలేదు. పరీక్షకు పోయే మనిషిని మా దగ్గర “తోడేలు నోట్లోకి” అని సాగనంపుతాం. అది దీవెన. దానికి ఆ మనిషి “చావనీ దాన్ని” అని తీరాలి, థాంక్స్ అన్నాడంటే పని చెడినట్టే. బడికెళ్ళే పిల్లలక్కూడా తెలిసిన సంగతి. నలభై ఆరేళ్ళ కాపురంలో మా ఆయన ఒక్కసారి తప్పలేదు, పైగా నా కంటి ఆపరేషన్ రోజున నేను నీరసంగా గొణిగితే “సరిగ్గా చావలేదు, మళ్ళీ అను” అని వరండా అంతా వినపడేట్టు మూడుసార్లు అనిపించాడు. అలాంటి మనిషి ఇవాళ నా కోటు చెయ్యి పట్టుకుని తలుపు వంక భయంగా చూస్తున్నాడు. నేనేదో సర్దిచెప్పబోయేలోగా తలుపు తెరుచుకుంది, డాక్టరమ్మ సవోల్దీ నవ్వుతూ “రండి సిన్యోర్ లెయార్కో, ఎంత, ఒక గంట,” అంది. ఆయన గదిలోకి తొంగి చూశాడు, నావంక చూశాడు. “నువ్విక్కడే ఉండు సీలియా. నువ్వు రాకు,” అన్నాడు. గొంతు గట్టిగానే ఉంది. వెళ్ళాడు, తలుపు మూసుకుంది, గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది.

రాకు అన్నాడు. సరే, రాను. ఎక్కడికో ఎందుకూ, ఈ బెంచీ మీదే కూర్చుంటాను, నా ఒళ్ళో చేతిసంచి, సంచి మీద ఆయన మఫ్లరు. పొద్దున బస్సులో కిటికీలోంచి సరస్సు కనపడలేదు, మంచు అంత దట్టంగా ఉంది, నవంబరు వచ్చిందంటే మాంతోవాలో అంతే, వంతెన మీద పోతున్నామో నీళ్ళ మీద పోతున్నామో డ్రైవరుకే తెలియాలి. దారంతా నేను చెవిలో అడుగుతూనే ఉన్నాను, ఏడోది ఏమిటి, పన్నెండోది ఏమిటి, ఆయన చెబుతూనే ఉన్నాడు, ఒక్కటి తప్పలేదు. వెనక సీటావిడ మమ్మల్ని చూసి ముచ్చటపడింది కూడా, పాపం ముసలాళ్ళు ప్రార్థన చేసుకుంటున్నారనుకుని ఉంటుంది. ఇరవై పలుకుబడులు, ఇరవై అర్థాలు. ఏప్రిల్లో డాక్టరమ్మ అడిగిన ఇరవై. ఇన్ని నెలలు రోజూ సాయంత్రం బల్ల దగ్గర కూర్చోబెట్టి, అట్టముక్కల మీద రాసి నూరిపోశాను. ఇరవై ఒకటోది ఒకటుందని నాకు తట్టలేదు, తోడేలు ఆ జాబితాలో లేదు, నా నోట్లోనే కాచుకుని కూర్చుంది.

ఇప్పుడు మొదటిది అడుగుతూ ఉంటుంది. ఏప్రిల్లో నేను పక్కనే ఉన్నాను, ఆ కుర్చీ కిర్రుమనడం కూడా గుర్తుంది. “ఆ వ్యవహారంలో ఫలానా ఆయన చేతులు పిండిలో ఉన్నాయి అంటారు కదా, అంటే ఏమిటి?” అని అడిగింది. లెయార్కో ఆలోచించి “వెళ్ళి కడుక్కోవాలి,” అన్నాడు. అనేసి నావంకా ఆవిడ వంకా చూశాడు, చప్పట్ల కోసం. ఆ చూపే నన్ను చంపింది. ఆవిడ చప్పట్లు కొట్టలేదు, ఏదో రాసుకుంది. నాలుక మీద వెంట్రుకల్లేని మనిషి అంటే? మొహమాటం లేకుండా ఉన్నమాట అనేసేవాణ్ణి మేం అలా అంటాం. “అందరి నాలుకలూ అంతే, మీది చూపించండి,” అన్నాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ రాసుకుంది. ఇరవైకి మూడు. ఆ మూడూ కూడా ఎలా వచ్చాయో దేవుడికే తెలియాలి.

చప్పట్లకు అలవాటు పడ్డ మనిషి మరి. ఆ అలవాటు చేసింది మేమే. గురువారం సాయంత్రాలు బార్ వెనక గదిలో మా పొడుపుకథల సంఘం కూడేది, అక్కడ ఎవరూ ఎవర్నీ సొంత పేరుతో పిలవకూడదు, పొడుపు అచ్చయిన మొదటి రోజున సారాయి పోసి మారుపేరు పెడతారు, ఇక చచ్చేదాకా అదే. లెయార్కో వరిమళ్ళ పల్లెనుంచి వచ్చాడని కప్ప. నేను దర్జీపని చేస్తాను గనక కత్తెర. మందులషాపు ఈవో వాళ్ళమ్మ నెత్తిన పెట్టుకున్న ఒక్కగానొక్క కొడుకని మకుటం. కప్ప నోరు తెరిస్తే గది గదంతా చెవులు రిక్కించేది, మామూలు మాటను తిప్పి, బోర్లించి, లోపలిది బయటికి తీసి అంగీ లోపలివైపు చూపించినట్టు చూపించేవాడు. అందుకే రెండేళ్ళ కిందట మొదలైనప్పుడు మాకెవ్వరికీ తెలియలేదు. ఆ రాత్రి వాన కుండపోతగా పడుతోంది, మేం బేసిన్లు గుమ్మరిస్తోంది అంటాం, నేను అదే మాట అని పడుకున్నాను. పొద్దున లేచేసరికి బాల్కనీలో ఇంట్లో ఉన్న బేసిన్లన్నీ ఉన్నాయి, ఒకదానిపక్క ఒకటి బోర్లించి, కింది ఇంటివాళ్ళవి కూడా రెండు తెచ్చినట్టున్నాడు. “పడ్డవా, పెట్టినవా?” అని నేను పగలబడి నవ్వాను. ఆయనా నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ ఆలస్యం నాకు కనపడింది. దర్జీదాన్ని, కుట్టు ఒక్క నూలుపోగు పక్కకు పోయినా కనిపెడతాను. కనిపెట్టి కూడా ఊరుకున్నాను.

గురువారం నాడు ఆ బేసిన్ల కథ నేనే చెప్పాను, గది దద్దరిల్లింది. అక్కణ్ణుంచి ప్రతి వారం అదే. ఈవో ఏదో అనడం, లెయార్కో దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుని అమాయకంగా జవాబివ్వడం, అందరూ పొట్టలు పట్టుకోవడం. “కప్ప కొత్త బాణీ పట్టాడురోయ్!” అని ఈవో జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని రాసుకునేవాడు. వేరే ఏ ఇంట్లో అయినా, రొట్టెలవాడి ఇంట్లోనో పడవవాడి ఇంట్లోనో, మనిషి ఇలా మాట్లాడితే మూడోనాటికి డాక్టరు దగ్గరకు పట్టుకుపోయేవారు. మేం పద్నాలుగు నెలలు చప్పట్లు కొట్టాం. ఊళ్ళోకెల్లా మాటల మర్మం తెలిసినవాళ్ళం అని పేరు మాకు. ఆ పేరును పొయ్యిలో పెట్టా. ఒక్కో చప్పట్టుకూ ఆయన ఎంత సంతోషపడేవాడో, ఎందుకు కొడుతున్నారో తెలియకపోయినా, నవ్వుతున్న ముఖాలు చూసి తనూ నవ్వుతూ, తెలిసిందని నటిస్తూ. నటిస్తున్నాడని ఇప్పుడు తెలుస్తోంది నాకు.

తొమ్మిదీ పాతిక. ఆరోదో ఏడోదో నడుస్తూ ఉండాలి. ఏడోది నోట్లో నీళ్ళు. గుట్టు బయటపెట్టకు అని చెప్పడానికి మేం నోట్లో నీళ్ళు అంటాం, నోరు తెరిస్తే ఒలికిపోతాయని. అట్టముక్కలు మొదలుపెట్టిన రోజునే చెప్పాను, ఈ సంగతి ఎవరితోనూ అనకు, ఈవోతో అసలే అనకు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు, కాబట్టి నోట్లో నీళ్ళు, తెలిసిందా అని. తల ఊపి వంటింట్లోకి వెళ్ళాడు. పంపు చప్పుడైంది. తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు, బుగ్గలు రెండూ ఉబ్బి, కళ్ళు పెద్దవి చేసుకుని, చాలాసేపు, నేను ఎప్పుడు చాలంటానో అని చూస్తూ. మింగెయ్యి లెయార్కో, మింగెయ్యమన్నాను. మింగాడు. “ఇప్పుడు చెప్పొచ్చా?” అన్నాడు. నేను లేచి వెళ్ళి అనవసరంగా అన్నం గిన్నె తోముకుంటూ నిలబడ్డాను. ఆ రోజు తోమిన గిన్నె మళ్ళీ తోమాను, ఆయనకు వీపు కనపడేట్టు.

బెంచీ అవతల చివర గొర్రెతోలు టోపీ మనిషి వచ్చి కూర్చున్నాడు. పక్క గదిలో ఎవరో ఉన్నట్టున్నారు ఈయనకు, రెండుసార్లు ఆ తలుపు వంక చూశాడు. ఊచలు విరిగిన గొడుగు ఒకటి మోకాళ్ళ మధ్య. నాకు మాట్లాడాలని లేదు. లేదు, ఉంది. చాలా ఉంది. ఎన్ని రోజులైందో మనిషితో మనిషిలా మాట్లాడి. గురువారాలకు మానేశాం, జలుబు అని ఒకసారి, బస్సు లేదని ఒకసారి, తర్వాత వాళ్ళే అడగడం మానేశారు, ఈవో మాత్రం ఇంకా అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు, కప్ప కొత్తగా ఏమన్నాడు అని. ఏమనలేదు, బాగానే ఉన్నాడు అంటాను. ఇంట్లో నేను మాట్లాడేది చూస్తే నాకే జాలేస్తుంది. తలుపు వెయ్యి. ఉప్పు ఇవ్వు. కుడి చెయ్యి. కాదు, కుడి. ఎక్కడా వంకర లేని మాటలు, ఎండిన రొట్టెముక్కల్లాంటివి. ముందు ఆయన కోసం అలా మాట్లాడాను, ఇప్పుడు కూరల దుకాణంలో కూడా అలాగే వస్తున్నాయి, దుకాణం పిల్ల ఏదో హాస్యమాడితే జవాబు తట్టలేదు నాకు మొన్న, నలుగురిలో నోరెత్తితే ఎదుటివాడు నోరుమూసుకోవాల్సిన కత్తెరకి.

“లోపల మీవారా?” అన్నాడు టోపీ మనిషి.

“మావారే.”

“మావాడు తమ్ముడండీ. మొదట్నుంచీ వాడి తలకాయ మబ్బుల్లోనే. ఇప్పుడు మబ్బులే తలకాయలోకి దిగాయో ఏమో. మీవారికి ఏమిటట?”

“ఏమీ లేదు. ఊరికే చూపించుకోవడానికి.”

“అదే మేలు. వీళ్ళు గుడ్డులో వెంట్రుక వెతికే రకం. దొరక్కపోతే తమది ఒకటి పీకి పెట్టి మరీ తీస్తారు.”

నవ్వొచ్చింది. నవ్వాను. ఎంత గట్టిగా నవ్వానంటే ఆయన ఉలిక్కిపడ్డాడు, అంత పెద్ద హాస్యమేం ఆడానా అని. నీకేం తెలుసు నాయనా, నాలుగు నెలల్లో నేను విని నవ్విన మొదటి వంకర మాట అది. గుడ్డులో వెంట్రుక పదకొండోది. దాన్ని నేను అట్ట మీద రాసి, వెనక్కి తిప్పి “లేని తప్పులు వెతుకుట” అని అర్థం రాసి, ఎర్ర దారంతో మిగతావాటితో కట్టి, రోజూ విప్పి, రోజూ కట్టి, చివరికి అది మాటే కాకుండా పోయింది. ఈయన నోట్లో చూడు, ఎంత తేలిగ్గా వచ్చిందో, ఆలోచించలేదు, అర్థం తెలుసా అని అడిగితే బహుశా చెప్పలేడు కూడా. ఇంకో మాట అనవయ్యా. ఏదైనా అను. ఆయన గొడుగు చూసుకుంటూ కూర్చున్నాడు.

అనగానేమి. అలా నేర్పాను. ఎలా చెప్పినా తలకెక్కకపోతే ఒకరోజు విసుగులో, చిన్నప్పుడు చర్చిలో ఫాదరు దగ్గర మేమంతా ప్రశ్నోత్తరాలు వల్లె వేసిన రాగం నా నోటికొచ్చింది, నిన్ను సృష్టించినదెవరు, దేవుడు నన్ను సృష్టించెను, అదే రాగంలో “చేతులు పిండిలో ఉండుట అనగానేమి?” అన్నాను. లెయార్కో వెన్ను నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, “ఆ వ్యవహారంలో తానును భాగస్తుడై ఉండుట,” అన్నాడు అదే రాగంలో. డెబ్బై ఏళ్ళ కిందటి బెంచీ మీద కూర్చున్నాడు. ఇక ఆ దారి దొరికాక ఆగలేదు, వేసవి అయ్యేసరికి పది, గుమ్మడికాయలొచ్చేసరికి పదిహేను, పోయినవారానికి ఇరవై. ఆ రాత్రి గుమ్మడికాయ పూర్ణంతో తొర్తెల్లి చేశాను, పండగ లెక్కన. స్బ్రిజొలోనా అనే గట్టి బాదంరొట్టె కూడా చేసి బల్ల మధ్యన పెట్టాను. దాన్ని కత్తితో కొయ్యరు, పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది పగలగొడతారు, మా ఇంట్లో ఆ గుద్దు ఎప్పుడూ ఆయనదే. గుద్దాడు. బాదంపలుకులు గోడదాకా ఎగిరాయి. ఇద్దరం నవ్వాం, ఒక్కసారే, ఆలస్యం లేకుండా. ఆ ఒక్క నిమిషం నాకు మా ఆయన వెనక్కి వచ్చినట్టే అనిపించింది. “మరి నేను గెలిచానా?” అని అడిగాడు. గెలిచావన్నాను.

ఏం గెలిచాడు. అది అడగాల్సింది నన్ను. ఏప్రిల్లో సవోల్దీ చెప్పింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది, గుర్తుండకపోతే బాగుండును. “ఇప్పుడు తెలిస్తే చెయ్యగలిగింది కొంత ఉంది సిన్యోరా. మందులున్నాయి, మంగళ శుక్రవారాల్లో ఇక్కడ ఒక బృందం కూడుతుంది, వాళ్ళతో పాటు మీరూ కూర్చోవచ్చు. కానీ ఒక్క పరీక్షతో రాయను. నవంబరులో మళ్ళీ చూసి, అప్పుడు రాస్తాను.” ఇంత చెబితే నాకు వినపడింది ఆ చివరి మాట ఒక్కటే, రాస్తాను. అచ్చాఫీసులో నలభై ఏళ్ళు సీసం అక్షరాలు పేర్చిన మనిషి పెళ్ళాన్ని నేను. “అనుకున్నది అబద్ధం కావచ్చు, అన్నది దిద్దుకోవచ్చు, అచ్చులో పడ్డది మాత్రం ఇక అంతే సీలియా,” అనేవాడు, గోళ్ళ నల్లదనం నిమ్మచెక్కతో తోముకుంటూ. ఆవిడ రాయకుండా ఉంటే చాలు అనుకున్నాను. రాయకపోతే లేనట్టే అనుకున్నాను. ఇంటికొచ్చి ఆ సాయంత్రమే, దుస్తుల నమూనాలకు వాడే అట్ట తీసి ఇరవై ముక్కలు కోశాను. ఇరవై ప్రశ్నలూ వరసతో సహా నాకు గుర్తున్నాయి. కత్తెరకి గుర్తుండకపోతే ఎవరికుంటాయి. అంత తెలివీ అందుకు వాడాను.

తొమ్మిదీ నలభై. మొదటిసారి ఆయన నాకు మాటల బొమ్మ, బొమ్మల్లో మాట దాచిన పొడుపు, పంపింది నా దుకాణం రసీదు వెనక. నేను మార్చి కుట్టిన కోటుకి డబ్బులిచ్చి, రసీదు తీసుకుని, మర్నాడు తిరిగిచ్చాడు, వెనక బొమ్మ వేసి. ఒక పడవ, ఒక ఆవిడ, రెండు పక్షులు, వాటి మీద అక్షరాలు. నాలుగు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. ఐదోనాడు సిగ్గు విడిచి అడిగితే కిటుకు చెప్పాడు. “మొదట కనపడింది కనపడ్డట్టు చెప్పు. పడవుంటే పడవ, పక్షులుంటే పక్షులు. తర్వాత ఆ చూసింది మర్చిపో, చెప్పింది విను. రెండో చదువులోనే ఉంటుంది అసలు మాట.” ఆ రాత్రి విప్పాను. ఏముందో ఎవరికీ చెప్పలేదు, ఈవోకి కూడా తెలియదు. ఇప్పుడు లెయార్కోకీ తెలియదు. పోయిన నెల ఆ రసీదు ట్రంకుపెట్టెలోంచి తీసి ముందు పెట్టాను, అట్టముక్కల మధ్య, ఊరికే, చూద్దామని. చాలాసేపు శ్రద్ధగా చూశాడు. “పడవ,” అన్నాడు. “ఒక ఆవిడ. రెండు పక్షులు.” వేలితో ఒక్కోటీ చూపించి, సరిగ్గా చెప్పాడు. తర్వాత నావంక చూశాడు. తర్వాత ఏమీ లేదు. ప్రపంచంలో ఆ బొమ్మ విప్పగలిగిన మనుషులు ఇద్దరుండేవాళ్ళం, ఇప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను, ఈ సంగతి చెప్పుకోవడానికి ఇంకో మనిషి లేడు.

అంతా ఇంత సాత్వికంగా ఏం జరగలేదు, అదీ ఒప్పుకోవాలి. సెప్టెంబరులో ఒక సాయంత్రం పద్నాలుగోది పదిసార్లు తప్పాడు. నాకు కోపం ముంచుకొచ్చింది, వెంట్రుకకొక దయ్యం చొప్పున ఎక్కి కూర్చున్నాయి. అట్టముక్క బల్ల మీద కొట్టి “పోయి వేగు ఫో!” అన్నాను. అందరూ అనే మాటే, నన్ను విసిగించకు ఫో అని, మా అమ్మ మా నాన్నను రోజుకు రెండుసార్లు అనేది, ఆయన ఈల వేసుకుంటూ బయటికి పోయేవాడు. లెయార్కో లేచాడు. ఎక్కడికో బయటికి పోయాడనుకున్నాను. కాసేపటికి అలికిడి లేదేమని వంటింట్లోకి వెళ్తే పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు, పొయ్యి వెలిగించలేదు, మూకుడు వంక చూస్తున్నాడు. “సీలియా, నేనేం చేశాను?” అన్నాడు. కోపం లేదు గొంతులో. నిజంగా అడుగుతున్నాడు, ఇంత శిక్ష వేసేంత తప్పు ఏం చేశానని. నేను ఆయన్ని పట్టుకుని ఏడ్చాను, ఆయన నా వీపు నిమిరాడు, ఎందుకు ఏడుస్తున్నానో తెలియకపోయినా. మర్నాడు మళ్ళీ అట్టముక్కలు విప్పాను. సిగ్గులేనిదాన్ని. ఒక్కరోజు కూడా ఆపలేదు.

ఎందుకు చేశానంటే ఆయన కోసం అని చెప్పగలను, చెప్పుకుంటూనే వచ్చాను. పరువు కోసం అని కూడా. ఈ బెంచీ మీద కూర్చుని, ఈ తలుపు వంక చూస్తూ అబద్ధం ఆడబుద్ధి కావడం లేదు. నేను భయపడ్డాను. ఆయన పోతాడని కాదు, ఆయన ఉండగానే నేను ఒంటరిదాన్నవుతానని. పక్కమీద పక్కనే మనిషి, బల్ల దగ్గర ఎదురుగా మనిషి, నేనొక మాట విసిరితే అందుకోవడానికి మాత్రం అవతల ఎవరూ లేరు. ఆ ఇరవై అట్టముక్కలూ డాక్టరమ్మను మోసం చెయ్యడానికే అయితే ఇంత ఇష్టంగా చేసేదాన్నా, రోజూ సాయంత్రం ఆరు ఎప్పుడవుతుందా అని చూసేదాన్నా? నేను ఒకటి అంటే ఆయన ఒకటి అనేవాడు. అదే కావాలి నాకు. చిలక పలుకైనా సరే, పలకరింపు కావాలి. దానికోసం ఆయనకు అందాల్సిన సాయం అడ్డంపెట్టాను. ఇప్పుడు ఆ గదిలో, వెన్ను నిటారుగా పెట్టుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, రాగం తీస్తూ ఒక్కోటీ అప్పజెబుతుంటాడు, ఒక్కో సరైన జవాబుతో ఒక్కో మంగళవారం, ఒక్కో శుక్రవారం పోతుంటాయి. అన్నీ తప్పు చెప్పు లెయార్కో. ఈసారి అన్నీ మర్చిపో. చర్చిలో ఏం మొక్కుకున్నానో దానికి సరిగ్గా వ్యతిరేకం ఇది, ఏ దేవుడు వింటాడు.

పక్క తలుపు తెరిచి నర్సు ఎవరి పేరో పిలిచింది. టోపీ మనిషి లేచాడు, గొడుగు కింద పడింది, తీసుకున్నాడు. “తమ్ముడి సంతకానికి అన్నగారి సంతకం తోడు కావాలట,” అన్నాడు, ఎందుకో నాకు చెప్పాలనిపించినట్టు, ముఖం పాలిపోయి ఉంది. నేను అనుకోకుండానే “తోడేలు నోట్లోకి,” అన్నాను. “చావనీ దాన్ని సిన్యోరా, చావనీ,” అన్నాడు, వెనక్కి కూడా తిరక్కుండా, లోపలికి పోతూ. అంతే. అంత చిన్న విషయం. ముక్కూ మొహం తెలియని మనిషి, నడుస్తూ, ఆలోచించకుండా ఇచ్చేసి పోయాడు. మఫ్లరు అడ్డం పెట్టుకున్నాను, ఎవరైనా చూస్తే జలుబు అనుకుంటారని.

పదీ పది కాకముందే లెయార్కో వెళ్ళిన తలుపు తెరుచుకుంది. సవోల్దీ ఒక్కతే బయటికొచ్చింది, తలుపు ఓరగా మూసి. ఈ అమ్మాయి నవ్వితే ముప్పై ఏళ్ళు కూడా ఉండవనిపిస్తుంది. నవ్వుతోంది. నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

“ఇరవైకి ఇరవై సిన్యోరా! నేనే నమ్మలేకపోతున్నాను. వచ్చీ రాగానే గదంతా వెతికారు, బీరువా తలుపులు తీసి చూశారు, బల్ల కిందికి వంగి చూశారు, ఏం కావాలంటే చెప్పలేదు. నాకు గాభరా వేసింది. కానీ కూర్చున్నాక ఒక్కటి తప్పలేదు. ఏప్రిల్లో నిద్ర లేదేమో, దిగులుగా ఉన్నారేమో, అలా కూడా అవుతుంది. ఈసారి ఏమీ రాయను. వచ్చే ఏడు ఒకసారి చూద్దాం.”

రాయను అంది. ఏప్రిల్నుంచి వినాలనుకున్న మాట. ఇంకేం, మఫ్లరు చుట్టి, చెయ్యి పట్టుకుని, పదిన్నర బస్సుకి ఇంటికి పోవచ్చు. గురువారానికి కూడా పోవచ్చు, ఈవో చిన్న పుస్తకం తీస్తాడు, చప్పట్లు కొడతారు. నా నోట్లో నీళ్ళున్నట్టే ఉంది, ఆవిడ కళ్ళల్లోకి చూస్తూ, అవునండీ, చాలా థాంక్సండీ, అని గొంతుదాకా వచ్చింది. ఆవిడ అంత సంతోషంగా ఉంది. రోజూ చెడ్డ కబుర్లే చెప్పే పిల్ల, ఒక్కరోజు మంచి కబురు చెప్పింది.

ఆవిడ వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది. లెయార్కో నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దగ్గర పంట్లాం దుమ్ము, బల్ల కింద పాకిన దుమ్ము. వరండా అటూ ఇటూ చూసి, నన్ను కనిపెట్టి, ముఖం విప్పారింది.

“లోపల తోడేలు లేదు సీలియా,” అన్నాడు. “బీరువాలో చూశాను, బల్ల కింద కూడా చూశాను. ఎక్కడా లేదు. ఇప్పుడు నువ్వు రావచ్చు.”

నువ్వు రాకు అన్నాడు పొద్దున. తోడేలు ఉందనే నమ్మి, నన్ను బయట ఉంచి తనొక్కడే లోపలికి వెళ్ళాడు.

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. ఆయన్ని చూసింది, నన్ను చూసింది. నేను లేచాను. వెళ్ళి ఆయన మోకాళ్ళ దుమ్ము దులిపాను, ఒక మోకాలు, తర్వాత రెండోది, చేతులకి పని ఉంటే మాట వస్తుందని.

“చచ్చిందిలే,” అన్నాను.

“చచ్చిందా?”

“చచ్చింది. పద.”

ఆయన ముందు నడిచాడు, దారి చూపిస్తూ. నేను గదిలోకి వెళ్ళి, సంచి తెరిచి, ఎర్ర దారం కట్టిన ఇరవై అట్టముక్కలూ తీసి సవోల్దీ బల్ల మీద పెట్టాను.